అంకె లేని 78014

మా అక్క డల్లాస్ దగ్గర ఉంటుంది. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే, ఇంకా పాలు కాగకముందే, వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపింది. ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చిన ఈఓబీలు, అంటే దేనికి ఎంత బిల్లు పడిందో చెప్పే కాగితాలు. కింద ఒక వాయిస్ మెసేజ్. "ఏమే, ఇది నీ పనే కదా, కాస్త చూసి చెప్పు. చేసింది ఒక్క పరీక్ష, రెండుసార్లు బిల్లు వేశారు. 78014 అని ఈ కాగితంలోనూ ఉంది, ఆ కాగితంలోనూ ఉంది. ఇంకా ఏ9516 అని ఒకటి, దాని పక్కన 2 అని ఉంది. నేను మింగింది ఒక్క మాత్రేనే!"

నేను 2013 నుంచి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం రేడియాలజీ, న్యూక్లియర్ మెడిసిన్ చార్టులే. అమెరికాలో ఎవరి మెడ దగ్గరో తీసిన లెక్కలు చదివి, వాటికి అయిదంకెల కోడ్ వెయ్యడం నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో కొన్ని వేల థైరాయిడ్ రిపోర్టులు చదివి ఉంటాను. ఇంట్లో మనిషి మెడ గురించి చదవడం మాత్రం ఇదే మొదటిసారి.

అక్క అనుమానాలకి జవాబు చెప్పడం తేలికే. 78014 అంటే మింగిన అయోడిన్‌లో థైరాయిడ్ గ్రంథి నూటికి ఎంత పట్టుకుందో కొలిచి, దాని బొమ్మ కూడా తీసే పరీక్ష. మొదటి కాగితం హాస్పిటల్ది. కెమెరా, గది, టెక్నాలజిస్టు, మాత్ర, ఇవన్నీ వాళ్ళ ఖర్చు. రెండో కాగితం ఆ బొమ్మలు చూసి రిపోర్టు రాసిన డాక్టర్ది. అందులో 78014 పక్కన చిన్నగా 26 అని ఉంటుంది, చూడమన్నాను. ఉంది. ఆ 26 అంటే డాక్టర్ చదివినందుకు మాత్రమే అని. కోడ్ ఒకటే, పని రెండు భాగాలు, బిల్లులు రెండు. ఇక ఏ9516 అనేది రేడియోధార్మిక అయోడిన్-123 మాత్ర కోడ్. దాన్ని మాత్రల లెక్కన వెయ్యరు, అందులోని రేడియోధార్మికతని బట్టి 100 మైక్రోక్యూరీలకి ఒక యూనిట్ చొప్పున వేస్తారు. అక్క మింగింది 200 మైక్రోక్యూరీల మాత్ర, కాబట్టి 2. ఎక్కడా తప్పు లేదు.

"సరేలే, అయితే కట్టేస్తాను" అంది అక్క.

కట్టేముందు ఒక మాట అడిగాను. "అక్కా, నీ రిపోర్టులో శాతం ఎంతని రాశారు?"

"శాతం ఏంటే? రిపోర్టు నేను చూడలేదు. గ్రేవ్స్ అని డాక్టర్ చెప్పారు, మందు మొదలుపెట్టారు."

గ్రేవ్స్ అంటే థైరాయిడ్ అతిగా హార్మోన్ తయారుచేసే జబ్బు. శాతం సంగతి నేనెందుకు అడిగానో ఫోన్లో వివరంగా చెప్పలేకపోయాను. చాలాకాలంగా మనసులో ఉన్న విషయం ఇది. ఇక్కడ రాసుకుంటున్నాను. ఒక్క ముక్కలో చెప్పాలంటే, రిపోర్టులో శాతం కనపడకపోతే 78014 వెయ్యకూడదు. ఆర్డర్లో ఏమున్నా, షెడ్యూల్లో ఏమున్నా, టెంప్లేటులో, అంటే ముందే రాసిపెట్టిన రిపోర్టు నమూనాలో, ఏ వాక్యం ఉన్నా. ఇది ఆఫీసు నియమంగా మా వాళ్ళందరికీ తెలుసు. నాకిది అంతకంటే పెద్ద విషయంగా ఎందుకు కనపడుతుందో చెప్పాలని ఉంది.

తొడ మీద ఎందుకు పెట్టారు

పరీక్ష అయిపోయిన రోజు రాత్రి అక్క ఫోన్ చేసినప్పుడు ఎక్కువసేపు చెప్పింది తొడ గురించే. ఒకామె చేతికి గ్లౌజులు వేసుకుని, సీసపు డబ్బాలోంచి చిన్న మాత్ర తీసి ఇచ్చిందట. నీళ్ళతో మింగి వెళ్ళిపోయింది. నాలుగు గంటల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. కుర్చీలో కూర్చోబెట్టి, గొట్టంలాంటి పరికరాన్ని మెడకి జానెడు పైన దూరంలో నిలబెట్టి, కదలకుండా ఉండమన్నారు. అది అయ్యాక అదే గొట్టాన్ని తొడ వైపు తిప్పారు. "గొంతుకి జబ్బయితే తొడ మీద ఎందుకు పెట్టారే? పొరపాటున పెట్టారేమో అనుకున్నా. మర్నాడు కూడా అలాగే చేశారు."

అది పొరపాటు కాదు. ఆ పరీక్షకి ప్రాణం అక్కడే ఉంది. మింగిన అయోడిన్ అంతా థైరాయిడ్‌లోకే పోదు, కొంత రక్తంలో తిరుగుతూ ఉంటుంది. మెడ దగ్గర లెక్క, అంటే అక్కడి నుంచి వచ్చే రేడియేషన్ ఎంతో, తీస్తే ఆ రక్తంలోది కూడా కలిసి వస్తుంది. తొడలో థైరాయిడ్ లేదు కాబట్టి అక్కడ వచ్చేది ఆ తిరుగుతున్న సరుకు మాత్రమే. మెడ లెక్కలోంచి తొడ లెక్క తీసేస్తే థైరాయిడ్ నిజంగా పట్టుకున్నది మిగులుతుంది. మింగకముందు మాత్రను మెడలాంటి ప్లాస్టిక్ దిమ్మలో పెట్టి దాని లెక్క తీసి ఉంచుతారు. అందులోంచి గదిలో ఊరికే ఉండే రేడియేషన్ లెక్క తీసేస్తారు. ఆ మొత్తంలో థైరాయిడ్ పట్టుకున్నది నూటికి ఎంత అన్నదే అప్‌టేక్ శాతం. అయోడిన్-123 పదమూడు గంటలకి కాస్త అటూఇటూగా సగమైపోతుంది. అంటే మర్నాటికి మాత్రలో ఉన్నదాంట్లో పావు వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే మిగులుతుంది. ఆ తరుగుదల కూడా లెక్కలో సరిచెయ్యాలి.

ఇంత చేశాక వచ్చేది ఒక్క అంకె. 24 గంటలకి మామూలు మనిషిలో అది సుమారు 10 నుంచి 30 శాతం మధ్య ఉంటుంది. గ్రేవ్స్ జబ్బులో బాగా పైకి పోతుంది. థైరాయిడ్ వాచి, దాచుకున్న హార్మోన్ అంతా బయటికి కారిపోతున్న జబ్బులో దాదాపు అడుగంటుతుంది. రెండింట్లోనూ రక్తపరీక్ష ఒకేలా కనపడొచ్చు. గుండెదడ, చేతుల వణుకు, బరువు తగ్గడం కూడా ఒకేలా ఉండొచ్చు. వైద్యం మాత్రం వేరు. మొదటిదానికి హార్మోన్ తయారీని ఆపే మందు కావాలి. రెండోదానికి ఆ మందు పనికిరాదు, ఎందుకంటే అక్కడ తయారీ అప్పటికే ఆగిపోయి ఉంటుంది.

ఈ పరీక్ష పుట్టింది కూడా లెక్కలోంచే, బొమ్మలోంచి కాదు. 1936లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే థైరాయిడ్ డాక్టర్, ఎంఐటీ అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్ ఉపన్యాసం విని, అయోడిన్‌ను రేడియోధార్మికంగా తయారు చెయ్యొచ్చా అని అడిగాడు. ఆ ప్రశ్న పుణ్యమా అని మరుసటి ఏడాది భౌతికశాస్త్రవేత్త ఆర్థర్ రాబర్ట్స్‌తో కలిసి కుందేళ్ళలో థైరాయిడ్ ఎంత అయోడిన్ పట్టుకుంటుందో కొలిచారు. అప్పుడు దొరికింది అయోడిన్-128, ఇరవై అయిదు నిమిషాల్లో సగమైపోయే రకం. దాంతో అంత హడావుడిగా కొలవాల్సి వచ్చింది. 1941లో హెర్ట్జ్ మనుషులకి వైద్యం మొదలుపెట్టాడు. ఇప్పుడు మనం చూసే సీతాకోకచిలుకలాంటి థైరాయిడ్ బొమ్మ తీసే కెమెరా వచ్చేసరికి ఇంకో పదిహేనేళ్ళు దాటాయి. ఈ చరిత్ర తెలిసినప్పటి నుంచి, బొమ్మ గురించి నాలుగు వాక్యాలు రాసి శాతం దగ్గర ఖాళీ వదిలిన రిపోర్టు చూస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

ఏడు పోయి మూడు వచ్చాయి

అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్ళేటప్పుడు కొత్త సీపీటీ (అమెరికాలో వైద్యసేవల కోడ్ల) పుస్తకం కొనే స్తోమత లేక ఒక సీనియర్ దగ్గర పాతది తెచ్చుకున్నాను. అందులో థైరాయిడ్‌కి ఒక పేజీలో వరసగా కోడ్లుండేవి. ఒక్కసారి అప్‌టేక్ కొలిస్తే 78000. పలుమార్లు కొలిస్తే 78001. మందు ఇచ్చి చూసే రకానికి 78003. బొమ్మతో పాటు ఒక్కసారి కొలిస్తే 78006, పలుమార్లయితే 78007. బొమ్మ ఒక్కటే అయితే 78010, రక్తప్రవాహం కూడా చూస్తే 78011. నేను వాటన్నిటినీ బట్టీ పట్టి క్లాసుకి వెళ్తే, ఈ ఏడూ 2013 జనవరి 1 నుంచి రద్దయిపోయాయని సార్ చెప్పారు. వాటి స్థానంలో మూడే వచ్చాయి. కొలత మాత్రమే అయితే 78012. బొమ్మ మాత్రమే అయితే 78013. రెండూ అయితే 78014. ఒకసారి కొలిచినా, నాలుగు గంటలప్పుడు ఒకసారి, ఇరవై నాలుగు గంటలప్పుడు ఇంకోసారి కొలిచినా కోడ్ ఒకటే, బిల్లు ఒకటే.

అక్క రెండు రోజులు వెళ్ళినా ఒకే లైను ఉండటానికి కారణం అదే. ఈ మార్పు మంచిదేనని నా అభిప్రాయం. ఎన్నిసార్లు కొలవాలన్నది డాక్టర్ వైద్యం కోసం నిర్ణయించుకోవాలి. ఇంకోసారి కొలిస్తే ఇంకో కోడ్ వస్తుందన్న ఆలోచన ఆ గదిలోకి రాకూడదు.

అయితే ఈ కుదింపుతో ఒకటి జరిగింది. పాత పద్ధతిలో ఒకసారా, పలుమార్లా అని తేల్చుకోవడానికి కోడర్ రిపోర్టులో కొలతల కోసం తప్పనిసరిగా వెతికేవాడు. ఇప్పుడు ఆ వెతుకులాట అవసరం లేదన్న భావన వచ్చేసింది. 'అప్‌టేక్ అండ్ స్కాన్' అన్న మూడు మాటలు కనపడితే చాలు, వేలు 78014 మీదికి పోతుంది. కొత్తగా వచ్చిన పిల్లలకి ట్రైనింగ్ ఇస్తున్నప్పుడు ఇది కళ్ళారా చూస్తున్నాను. అయితే ఆ కోడ్ వివరణలో 'క్వాంటిటేటివ్' అన్న మాట ఉంది. అంటే అంకెల్లో కొలిచినది. 'అప్‌టేక్ బాగానే ఉంది', 'రెండు లోబుల్లోనూ సమానంగా ఉంది' అన్న వాక్యాలు బొమ్మ చూసి చెప్పేవి. అవి కొలతలు కావు.

ఆర్డర్ని చూసి వెయ్యడం

మొన్న ఒక ట్రైనీ అమ్మాయి, చురుకైన పిల్ల, నా దగ్గరికి వచ్చి అడిగింది. "మేడమ్, ఆర్డర్లో అప్‌టేక్ అండ్ స్కాన్ అనే ఉంది. మాత్ర ఇచ్చారు. మర్నాడు అపాయింట్‌మెంట్ కూడా ఉంది. రిపోర్టులో డాక్టర్ శాతం రాయడం మర్చిపోయి ఉంటారు. 78014 వేసేస్తే ఏమైంది మేడమ్?"

ఆ ప్రశ్నకి ఆమెని తప్పుపట్టలేను. చేరిన మొదటి రెండేళ్ళు నేనూ అలాగే వేశాను. ఎన్ని వేశానో లెక్క లేదు. ఒకసారి ఆడిట్‌లో నా చార్టు తప్పని వచ్చింది. కోపం వచ్చి ఆడిటర్‌తో వాదించాను. ఆర్డర్ ఉంది, టెక్నిక్ పేరాలో 'అప్‌టేక్ తీయబడింది' అని వాక్యం ఉంది, ఇంకేం కావాలి అని. ఆయన గొంతు పెంచకుండా, "కోర్టులో నిన్ను నిలబెట్టి, కొలిచారని నీకెలా తెలుసమ్మా అంటే ఏం చెప్తావు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కొలిచి ఉంటారు అనుకున్నాను, అంతే.

అమెరికాలో ప్రభుత్వ ఇన్సూరెన్స్ అయిన మెడికేర్‌కి చెయ్యని పనికి బిల్లు పంపితే వర్తించే చట్టం లింకన్ కాలంలో, 1863లో వచ్చింది. అంతర్యుద్ధంలో సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టిన కాంట్రాక్టర్ల కోసం తెచ్చారు. ఆ చట్టం భయంతోనే రిపోర్టు చదవాలని నేను అనను. నాకు ఆ ఆడిటర్ మాటలో నచ్చింది 'నీకెలా తెలుసు' అన్న ప్రశ్న. కోడ్ వెయ్యడం అంటే, ఈ మనిషికి ఈ పని జరిగింది అని వేలిముద్ర వెయ్యడమే. ఆ మనిషిని మనం చూడలేదు, ఆ గదిలో మనం లేం. మన దగ్గర ఉన్నది రిపోర్టు ఒక్కటే. అందులో లేనిది మన నోట రాకూడదు.

జబ్బు కోడ్ దగ్గర ఈ జాగ్రత్త మా వాళ్ళకి బాగానే అలవాటైంది. 'గ్రేవ్స్‌కి అనుగుణంగా ఉంది' అని రిపోర్టు రాస్తే, అవుట్‌పేషెంటుకి గ్రేవ్స్ జబ్బు కోడ్ ఈ05.00 వెయ్యకూడదని అందరికీ తెలుసు. అనుమానాన్ని జబ్బుగా రాస్తే ఆ ముద్ర మనిషి రికార్డులో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. అదే జాగ్రత్త పరీక్ష కోడ్ దగ్గర ఎందుకు సడలిపోతోందో నాకు అర్థం కాదు.

తిరిగొచ్చిన క్వెరీ

ఆ ఆడిట్ జరిగిన కొన్నాళ్ళకి ఒక చార్టు వచ్చింది. గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ రాయను. ఫ్లోర్‌లోకి ఫోన్లు, పెన్నులు కూడా తీసుకెళ్ళనివ్వని ఉద్యోగం మాది, ఆ పద్ధతి నాకు గౌరవం. విషయం మాత్రం చెప్తాను. ఆర్డర్: అప్‌టేక్ అండ్ స్కాన్. టెక్నిక్ పేరాలో మాత్ర ఎంతో రాశారు, 'నాలుగు గంటలకి బొమ్మలు, 24 గంటలకి అప్‌టేక్ తీయబడింది' అని ఉంది. ఫలితాల్లో గ్రంథి పరిమాణం, రెండు వైపులా సమానంగా ఉండటం, గడ్డలు లేకపోవడం. శాతం ఎక్కడా లేదు.

పాత అలవాటు ప్రకారం అయితే నలభై సెకన్లలో 78014 వేసి తర్వాతి చార్టుకి పోయేదాన్ని. ఈసారి చార్టు ముగించకుండా హోల్డ్‌లో పెట్టి, డాక్టర్‌కి క్వెరీ, అంటే వివరణ అడిగే ప్రశ్న, రాశాను. క్వెరీ రాయడానికీ ఒక మర్యాద ఉంది. 'దయచేసి శాతం రాయండి, అప్పుడు ఈ కోడ్ వస్తుంది' అని రాయకూడదు. డబ్బు ప్రస్తావన రాకూడదు, మనకి కావలసిన జవాబుని నోటికి అందించకూడదు. 'టెక్నిక్‌లో 24 గంటల అప్‌టేక్ ప్రస్తావన ఉంది, ఫలితాల్లో విలువ కనపడలేదు, స్పష్టం చెయ్యగలరు' అని మాత్రమే రాశాను.

అయిదు రోజులకి అడెండం, అంటే రిపోర్టుకి డాక్టర్ చేర్చిన అదనపు మాట, వచ్చింది. రెండే వాక్యాలు. రోగి రెండో రోజు రాలేదు. 24 గంటల అప్‌టేక్ తీయలేదు.

ఆ 'తీయబడింది' అన్న వాక్యం టెంప్లేటులో ముందే ఉన్నది. ఎవరూ అబద్ధం రాయలేదు. చెరపాల్సిన వాక్యాన్ని చెరపలేదు, అంతే. నేను ఆర్డర్ని చూసి వేసి ఉంటే, జరగని కొలతకి నేను సాక్ష్యం చెప్పి ఉండేదాన్ని. ఆ మనిషి ఎవరో, రెండో రోజు ఎందుకు రాలేదో నాకెప్పటికీ తెలియదు. దూరం అయ్యుండొచ్చు, పనిలో సెలవు దొరకక పోయుండొచ్చు. రాని రోజుకి కూడా డబ్బు కట్టించేదాన్ని కదా అని ఆ రోజంతా అనిపిస్తూనే ఉంది. 78013 వేసి చార్టు మూశాను.

డబ్బు ఒక్కటే కాదు. ఆ పరీక్ష రాసిన డాక్టర్ రిపోర్టు తెరిచి, 'అప్‌టేక్ తీయబడింది' చదివి, అంకె ఎక్కడో ఉండే ఉంటుంది అనుకునే ప్రమాదం ఉంది. అడెండం వచ్చాక ఆ అవకాశం లేదు. కొలత లేదని ఆయనకి తెలుస్తుంది, కావాలంటే మళ్ళీ రమ్మంటారు. హైదరాబాద్‌లో కూర్చుని రాసిన ఒక క్వెరీతో అక్కడి చార్టులో ఒక నిజం చేరింది. ఈ ఉద్యోగంలో నాకు గర్వంగా అనిపించిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, వాటిలో అదొకటి.

కాదనేవాళ్ళ మాట

ఇది రాస్తున్నప్పుడు నా టీంలో వాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. చాలావరకు న్యాయమైన మాటలే.

మొదటిది టార్గెట్. రోజుకి ఇన్ని చార్టులు పూర్తి చెయ్యాలి. హోల్డ్‌లో పెట్టిన చార్టు లెక్కలోకి రాదు. క్వెరీ రాసే సమయంలో రెండు ఎక్స్‌రేలు అయిపోతాయి. ఇంటి అద్దె, ఈఎంఐ ఉన్న పిల్లలకి ఇన్సెంటివ్ పోగొట్టుకుని నిజాయితీగా ఉండమని చెప్పడం నాకూ కష్టంగానే ఉంటుంది. ఇది వ్యక్తి మీద వదిలెయ్యాల్సిన భారం కాదనే నా అభిప్రాయం. క్వెరీని కూడా పనిగా లెక్కకట్టాలని మా మీటింగుల్లో నేను పదేపదే అడుగుతున్నది అందుకే. పోయిన ఏడాది సగం ఒప్పుకున్నారు.

రెండోది, చాలాసార్లు కొలత నిజంగానే జరిగి ఉంటుంది. టెక్నాలజిస్టు షీట్‌లో శాతం ఉంటుంది, డాక్టర్ డిక్టేషన్‌లోకి రాలేదు, అంతే. అప్పుడు 78013 వేస్తే హాస్పిటల్ చేసిన పనికి డబ్బు పోతుంది. ఇది నిజమే. తక్కువ కోడ్ వెయ్యడం కూడా తప్పు సాక్ష్యమే. అందుకే తొందరపడి కిందికి దించకుండా ముందు అడగమంటాను. అడిగితే పదిసార్లలో ఎక్కువసార్లు శాతం వస్తుంది, 78014 నిలబడుతుంది, ఆ అంకె రిపోర్టులోకి చేరుతుంది.

మూడోది నన్ను కాస్త ఎక్కువ ఆలోచింపజేసింది. మా టీంలో బీ ఫార్మసీ చదివిన ఒక అబ్బాయి అన్నాడు. "అసలు ఈ శాతానికి ఇప్పుడు అంత విలువ ఉందా మేడమ్? గ్రేవ్స్ తేల్చడానికి యాంటీబాడీ రక్తపరీక్ష ఉంది. రేడియోఅయోడిన్ వైద్యంలో చాలామంది డాక్టర్లు లెక్క కట్టకుండా ఒకే మోతాదు ఇచ్చేస్తున్నారు." అతను చెప్పింది తప్పు కాదు. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాల్లో కూడా కారణం తేల్చడానికి యాంటీబాడీ పరీక్ష, అప్‌టేక్, డాప్లర్ అల్ట్రాసౌండ్‌తో రక్తప్రవాహం, వీటిలో ఏదైనా ఒక దారిగా చెప్పారు. ముందుముందు ఈ పరీక్ష తగ్గిపోతుందేమో కూడా. ఆ వాదన పరీక్ష చెయ్యాలా వద్దా అన్నదానికి పనికొస్తుంది. చేసినట్టు బిల్లు వేశాక పనికిరాదు. మాత్ర మింగించి, ఒక మనిషిని రెండు రోజులు తిప్పి, 'కొలిచాం' అని డబ్బు అడుగుతున్నప్పుడు, ఎంత అన్నది చెప్పకపోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

ఇప్పుడు కోడ్లు సూచించే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చాయి. రిపోర్టు చదివి ముందే 78014 అని పెట్టి ఉంచుతాయి, మనం ఒప్పుకుంటే చాలు. చాలా చోట్ల బాగా పనిచేస్తున్నాయి. టెంప్లేటు వాక్యం దగ్గరికి వచ్చేసరికి మాత్రం, 'తీయబడింది' అని ఉంది కాబట్టి తీశారనే నమ్ముతున్నాయని గమనించాను. నలభై సెకన్లలో వేసేసిన పాత నేనే మళ్ళీ ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది. పిల్లలకి నేను చెప్పేది, సూచన కనపడకుండా పక్కకి జరిపి, ముందు ఫలితాల పేరాలో శాతం గుర్తు వెతకమని.

మళ్ళీ అక్క దగ్గరికి

కోడర్లు ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఆ అంకెతో అసలు పని ఉన్నది రోగికి. అమెరికాలో 2021 నుంచి హాస్పిటళ్ళు తమ రేట్లని అందరికీ కనపడేలా పెట్టాలి. ఆ పెద్ద ఫైళ్ళలో వెతకాలంటే కోడ్ తెలియాలి. 78014 అని తెలిసిన మనిషి ఇంకో హాస్పిటల్లో అదే పని ఎంతో చూసుకోగలదు. అదే ఏడాది నుంచి రిపోర్టులు కూడా ఆలస్యం లేకుండా పేషెంట్ పోర్టల్లోకి, అంటే రోగి తన రికార్డులు చూసుకునే వెబ్‌సైట్లోకి, రావాలన్న నియమం అమల్లోకి వచ్చింది. బిల్లులో ఒక అంకె, రిపోర్టులో ఒక అంకె, రెండూ ఆమెకి అందుబాటులోనే ఉన్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. మన వాళ్ళు లక్షల్లో ఉన్న దేశమది, ఆ కోడ్లు వేసేవాళ్ళలో వేలమంది మన పిల్లలే. మనమైనా మన ఇళ్ళల్లో చెప్పుకోవచ్చు కదా అనిపించింది.

డాక్టర్ మీద అనుమానంతో అడిగించానని అక్క అనుకుంటుందేమోనని నాకు భయం వేసింది. అప్పటికే చేతుల వణుకుతో, నిద్ర లేక, చిన్నమాటకి ఏడుపొచ్చే స్థితిలో ఉంది. ఆమెకి ఇంకో చింత పెట్టడం సరైనదేనా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. నిజానికి నేనేమీ చెప్పకపోయినా వైద్యం అలాగే నడిచేది. చివరికి మంగళవారం రాత్రి నేనే ఫోన్ చేసి, తీరికున్నప్పుడు పోర్టల్ తెరవమన్నాను.

అప్పటికప్పుడే తెరిచింది. పాస్‌వర్డ్ మర్చిపోయి బావని పిలిచింది. కాసేపటికి రిపోర్టు దొరికింది. చదవమన్నాను. ఇంగ్లిష్‌లో ఒక్కో వాక్యం చదువుకుంటూ వెళ్ళింది, గ్రంథి రెండింతలు పెరిగిందని, గడ్డలు లేవని. ఆ తర్వాత ఆగింది.

"ఇదిగోనే. నాలుగు గంటలకి 37 శాతం. ఇరవై నాలుగు గంటలకి 58 శాతం."

నా గుండె తేలికపడింది. మామూలు ఎంతో చెప్పాను. 58 అంటే ఏమిటో, డాక్టర్ ఆ మందు ఎందుకు రాశారో, అది హార్మోన్ తయారీని ఎలా ఆపుతుందో చెప్పాను. ఇన్నాళ్ళూ గ్రేవ్స్ అన్న పేరు వింటేనే భయపడేది. ఆ రాత్రి మొదటిసారి తన జబ్బు గురించి మామూలు గొంతుతో ప్రశ్నలు అడిగింది. ఆర్నెల్ల తర్వాత ఈ అంకె తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది, మళ్ళీ మాత్ర మింగాలా అని. రక్తపరీక్షలతో చూస్తారు, మళ్ళీ ఇది అవసరం పడకపోవచ్చని చెప్పాను. ఆ 58ని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించుకుంటానంది.

పెట్టేసేముందు మళ్ళీ అడిగింది. "తొడ దగ్గర తీసిన లెక్క రాయలేదేంటే ఇందులో?"

రాయరక్కా, అది ఆ 58లోంచి తీసేసి ఉంటుంది అన్నాను.